ఫహీమ్ పుట్టిన తారీఖు

బియ్యం కడిగి ఎసట్లో పోయబోతున్న వేళ మెకానిక్ తిరుపతి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. జనగామ బస్టాండు వెనక సందులో అతనికి మోటార్ సైకిళ్లు బాగుచేసే షెడ్డు ఉంది. లతీఫా బేగం కొడుకు ఫహీమ్ ఆ షెడ్డులోనే పని నేర్చుకుంటున్నాడు. ఎప్పుడొచ్చినా "చాయ్ పెట్టినవా అక్కా" అంటూ నేరుగా లోపలికి వచ్చేసే మనిషి, ఇవాళ గడప దాటకుండా చేతులు నలుపుకుంటూ నిలబడేసరికి లతీఫా బియ్యం గిన్నె కింద పెట్టేసింది.

"ఏమైంది తిరుపతీ? ఫహీమ్ ఏడి?"

"నువ్వు పరేషాన్ గాకక్కా. పిల్లగాని పానం మంచిగనే ఉన్నది." అతను గడప దగ్గరికి జరిగాడు. "నిన్న మానుకోటల రైల్ రోకో అయింది గద. పట్టాల మీద కూసున్నోళ్లను పోలీసులు పట్టుకపోయిండ్రట. అండ్ల మనోడు గూడ ఉన్నడట. ఇయ్యాల పొద్దుగాల జైలుకు పంపిండ్రట."

అమ్మమ్మను చూసొస్తానని చెప్పి వెళ్లిన పిల్లాడు. మహబూబాబాద్ లతీఫా పుట్టిల్లు. ఆ ఊరిని చుట్టుపక్కల అందరూ పాత పేరుతో మానుకోట అనే పిలుస్తారు. నానీ అని పిలిచే ఆ అమ్మమ్మ దగ్గర రెండు పూటలు తిని, నాలుగు కబుర్లు చెప్పి తిరిగొస్తాడనే ఆమె అనుకుంది.

అది సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. తెలంగాణ రాష్ట్రం కావాలని ఆఫీసులూ బళ్లూ మూతబడ్డాయి. బస్సులు డిపోలు దాటి రావడం లేదు. బొగ్గు బావుల్లోకి దిగేవాళ్లు లేక కరెంటు కూడా పూటకోసారి పోతోంది. జనగామ చౌరస్తాలో రోజూ డప్పులు, పాటలు, ఉపన్యాసాలు. షెడ్డులో పని కాగానే ఫహీమ్ అటే పరుగెత్తేవాడు. లతీఫా వద్దనలేదు. వాడకట్టు వాడకట్టంతా పోతుంటే వాడినొక్కడినీ ఎట్లా ఆపుతుంది? ఆపాలని ఆమెకు మనసులో కూడా లేదు.

ఆమె భర్త అబ్దుల్ గనీ ఆటోలకు, మోటార్ సైకిళ్లకు సీటు కవర్లు కుడతాడు. మాట మెత్తన. ఖాకీ చొక్కా కనబడితే రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడిచే రకం. కబురు విన్నాక కుట్టుమిషన్ ముందు అలాగే కూలబడిపోయాడు.

"మనం పోతే ఏం అడుగుతరో ఏమో," అన్నాడు సన్నగా.

"ఏమడిగితే అదే చెప్దాం. మన కొడుకు దొంగతనం చేసిండా? లే, పోదాం. రైళ్లు మల్ల నడుస్తున్నయట," అంది లతీఫా. కూతురు మహీన్‌కు ఇల్లప్పగించి, కడిగిన బియ్యం అలాగే వదిలేసి, బురఖా వేసుకుని బయటికి నడిచింది. గనీ చెప్పులు వెతుక్కుంటూ వెనకాలే పరుగెత్తాడు.

మానుకోట సబ్‌జైలులో ఆ సాయంత్రమే కొడుకుని చూడనిచ్చారు. కటకటాల వెనక ఫహీమ్ షర్టు భుజం దగ్గర చిరిగి ఉంది. అంతకుమించి వాడికేమీ కాలేదని కళ్లతోనే తడిమి చూసుకుంది లతీఫా. వాడితోపాటు పట్టుబడ్డవాళ్లంతా డిగ్రీ చదివే కుర్రాళ్లు, గడ్డాలు మీసాలు వచ్చినవాళ్లు. వాళ్ల మధ్య తన కొడుకు, పై పెదవి మీద ఇంకా నూగైనా సరిగా రానివాడు.

"కొట్టిండ్రా బేటా?"

"కొట్టలే అమ్మీ. అన్నం గూడ పెడుతున్నరు. గీ అన్నలందరు మంచిగ చూసుకుంటున్నరు నన్ను." ధైర్యంగానే మొదలుపెట్టాడు. తండ్రి ముఖం చూశాక వాడి గొంతు మారిపోయింది. "అబ్బా, ఇంటికెప్పుడు పంపుతరట?"

అబ్బా అని కొడుకు పిలవగానే గనీ ఊచల సందులోంచి చేయి పెట్టి వాడి తల నిమిరాడు.

జైలు గేటు దగ్గర లక్ష్మీకాంత్ అనే వకీలు కలిశాడు. నడివయసు మనిషి, నల్లకోటు చేతి మీద వేసుకుని ఉన్నాడు. సమ్మెలో భాగంగా వకీళ్లు కోర్టులకు వెళ్లడం మానేశారు గానీ, ఉద్యమంలో పట్టుబడ్డవాళ్ల కేసులు మాత్రం తలా కొన్ని పంచుకుని చూస్తున్నారు. ఫహీమ్ తల్లిదండ్రులని తెలియగానే ఆయన అడిగిన మొదటి మాట వయసు గురించే.

"మీ పిల్లగానికి ఎన్నేండ్లమ్మా?"

"పదిహేడు నిండినయి సాబ్. పద్దెనిమిది ఇంక నిండలే."

"నాకూ గట్లనే అనిపించింది. కని పోలీసు కాగితంల పంతొమ్మిది అని ఉన్నది. అడిగితే పిల్లగాడే చెప్పిండట."

లతీఫా నోటి మీద చేయి వేసుకుంది.

లక్ష్మీకాంత్ వాళ్లను పక్కనున్న అరుగు మీద కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. గొడవలో ఎవరో విసిరిన రాయికి రైలు డబ్బా అద్దం పగిలింది. అందుకని పెట్టిన సెక్షన్లు కొంచెం గట్టివి. పెద్దవాళ్లకు బెయిలు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేం. పద్దెనిమిది నిండనివాడైతే సంగతే వేరు. వాడు ఉండాల్సింది ఈ జైల్లో కాదు. వరంగల్‌లో పిల్లల కేసులు చూసే బోర్డు ముందుకు పంపుతారు. అక్కడ తల్లిదండ్రులు వచ్చి మా బాధ్యత అంటే వాళ్ల చేతికి అప్పజెపుతారు.

"అయితే వయసు రుజువు గావాలె. పదో తరగతి మెమో ఉన్నదా?"

"పదో తరగతి దాకా పోలే సాబ్," అన్నాడు గనీ. "ఏడో తరగతిల బడే మూతబడ్డది. నడిపినాయన ఊరు విడిచిపెట్టి ఎటో పోయిండు. అటెంకల షెడ్డుల పెట్టినం."

"అయితే పుట్టిన సర్టిఫికెట్ తీయాలె."

గనీ ముఖం కాస్త తేటపడింది. "జనగామ మున్సిపాలిటీల అడుగుతం. మా రేషన్ కార్డు ఆడనే ఉన్నది."

లక్ష్మీకాంత్ తల అడ్డంగా ఊపాడు. "రేషన్ కార్డు యాడున్నదని కాదు భాయ్. పిల్లగాడు యాడ పుట్టిండో ఆ ఊరి రిజిస్టర్లనే రాసుంటది. పట్నమైతే మున్సిపాలిటీ, ఊరైతే గ్రామపంచాయతి. దవాఖానల పుడితే ఆళ్లే పంచాయతికి రాసి పంపుతరు. యాడ పుట్టిండు?"

"భూపాలపల్లిల," అంది లతీఫా.

పెళ్లయిన కొత్తలో గనీకి జనగామలో పని దొరకలేదు. భూపాలపల్లిలో కొత్తగా బావులు తెరుస్తున్నారనీ, బట్టలు కుట్టేవాళ్లకు చేతినిండా పని ఉందనీ ఎవరో చెబితే, చంటిపిల్ల మహీన్‌ను ఎత్తుకుని అక్కడికి పోయారు. రేకుల గదిలో రెండేళ్లున్నారు. ఫహీమ్ అక్కడే, ఊళ్లో ఉన్న చిన్న దవాఖానలో పుట్టాడు. వాడు పాకే వయసులో మళ్లీ జనగామ వచ్చేశారు. ఆ తర్వాత అటు వైపు పోవలసిన పనే పడలేదు.

"తారీఖు యాదున్నదా?"

"తారీఖు గుర్తు లేదు సాబ్. షబే ఖదర్ జాగారం తెల్లారి పుట్టిండు. రంజాన్ నెలల, జుమ్మా రోజు, శుక్రారం. ఈయన రాత్రంత మసీదుల మేల్కొని దవాఖానకు వచ్చేసరికి పుట్టిండు."

వకీలు సెల్‌ఫోన్ తీసి ఎవరికో చేసి, కాసేపు మాట్లాడి, ఏదో లెక్క వేసుకున్నాడు. "తొంభై నాలుగు మార్చి అయితది. గది చాలు. మీ ఇద్దరి పేర్లు, దవాఖాన, నెల చెప్పి నకలు గావాలని దరఖాస్తు పెట్టుండ్రి. రిజిస్టర్ల ఉంటే రాసిస్తరు." చివరి మాట చెప్పడానికి ఆయనే కొంచెం ఇబ్బంది పడ్డాడు. "కాకపోతే పంచాయతి సెక్రటరీలు గూడ సమ్మెల ఉన్నరు. ఆఫీసులకు తాళాలు పడ్డయి. అయినా పోయి చూడుండ్రి. కూసుంటే మాత్రం కాదు."

ఆ రాత్రి పుట్టింట్లో ఉండి, పొద్దున రైలెక్కి కాజీపేటలో దిగారు భార్యాభర్తలు. హన్మకొండ నుంచి బస్సుల్లేవు. పరకాల దాకా ఒక జీపు, అక్కడి నుంచి భూపాలపల్లికి ఇంకొకటి. పది మంది పట్టే జీపులో ఇరవై మందిని కుక్కి, పైన ఇంకో ఐదారుగురిని ఎక్కించాడు డ్రైవరు. గనీ పైన కూర్చున్నాడు. కింద ఊపిరాడని సందులో లతీఫా దారి పొడుగునా ఒకటే మాట తనలో తాను చెప్పుకుంది: యా అల్లా, ఆ తాళం తీసే మనిషిని చూపించు.

భూపాలపల్లి వాళ్లు ఎరిగిన ఊరులా లేదు. రోడ్డు వెడల్పయింది, మేడలు లేచాయి. తాముండిన రేకుల గది ఎటువైపో కూడా తెలియలేదు. పంచాయతీ ఆఫీసు తలుపుకు పెద్ద తాళం వేలాడుతోంది. పక్కనే ఉన్న పాన్ డబ్బా అతన్ని అడిగితే చెయ్యి చాపి చూపించాడు. "సెక్రటరీ సారా? అగో, అందరు గాడనే ఉన్నరు."

నడిరోడ్డు మీద టెంటు. దాని ముందు రాళ్ల పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు. ఆ రోజు రోడ్డు మీదే వంటావార్పు పెట్టుకున్నారు. బొగ్గు బావుల కార్మికులు, టీచర్లు, ఆఫీసుల వాళ్లు, అందరి ఇళ్ల ఆడవాళ్లు అక్కడే ఉన్నారు. ఒకావిడ నిలువెత్తు గరిటెతో పప్పు కలుపుతోంది. ఊరి అంగన్‌వాడీ టీచరు, పేరు అండాలు. ఎండకు కందిపోయిన లతీఫా ముఖం చూసి ఎవరు ఏమిటని అడగకముందే విస్తరి చేతికిచ్చింది.

"ముందుగాల తిను చెల్లె. యాడికెల్లి వచ్చిండ్రో ఏమో, మొకం గుంజుకపోయింది."

"తినడానికి రాలేదక్కా. సెక్రటరీ సారు గావాలె."

"సారు యాడికి పోడు. నువ్వు తిను."

లతీఫా విస్తరి ముందు కూర్చుంది గానీ అన్నం ముట్టలేదు. విషయమంతా అండాలుకు చెప్పేసింది. విన్నాక ఆవిడ గరిటె పక్కనున్న మనిషికిచ్చి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ టెంటులోకి తీసుకుపోయింది.

పంచాయతీ సెక్రటరీ హన్మంత్ ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. మెడలో గులాబీ కండువా, చేతిలో మడిచిన పేపరు. లతీఫా చెప్పిందంతా ఓపికగా విన్నాడు. విన్నకొద్దీ ఆయన ముఖంలో బాధ కనబడుతూనే ఉంది.

"చెల్లె, నువ్వు చెప్పేది నాకు సమజైతున్నది. కని నేను తాళం తీస్తె సమ్మె విరిచినట్టయితది. రేపు ఇంకొకలు వస్తరు, ఎల్లుండి ఇంకొకలు. నాకొక్కనికి వదిలిపెట్టిన ముచ్చట కాదు గిది."

పక్కనున్న బిక్షపతి అనే కార్మిక నాయకుడు కూడా తల ఊపాడు. "జీతాల్లేకుంట కూసున్నం అక్కా. ఒక్క తాళం తీసినం అంటే రేపు పేపర్ల ఏం రాస్తరో తెల్వది."

గనీ అప్పుడే వెనక్కి తిరిగాడు. "చెప్పిండ్రు గద, పోదాం పా," అన్నట్టు భార్య మోచేయి ముట్టుకున్నాడు. లతీఫా కదల్లేదు. ఆమె నలుగురిలో గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. కానీ కటకటాల వెనక కొడుకు గొంతు మారిపోయిన క్షణం ఆమె చెవిలో ఇంకా అలాగే ఉంది.

"సారూ, మీ సమ్మెను నేను తక్కువ చేస్తలేను," అంది. "నా కొడుకు గూడ గిందుకే పోయిండు. ఎవలు తోలలే. జై తెలంగాణ అనుకుంట వాడే పోయిండు. మీరు టెంట్ల కూసున్నరు, వాడు జైల్ల కూసున్నడు. గంతే తేడా. మీకు పొద్దుమీకితే ఇంటికి పోను తొవ్వ ఉన్నది. వానికి లేదు. వానికి తొవ్వ గా తాళం ఎనక ఉన్నది."

వెనక వరసలో డప్పు సవరించుకుంటున్న మనిషి దాన్ని పక్కన పెట్టి ముందుకు జరిగాడు.

అండాలు అందుకుంది. "దవాఖానలు బంద్ పెట్టినమా మనం? పానం మీదికొస్తదని విడిచిపెట్టినం గద. జైల్ల ఉన్న పసిపిల్లగాడు పానం కాదా? మన కొరకు పోయి పట్టుబడ్డోన్ని మనమే విడిపించుకోకుంటే, గీ టెంటు ఎందుకు, గీ అన్నం ఎందుకు?"

"నిజమే గదా," అన్నారెవరో. "తియ్యాలె, తియ్యాలె," అని మరో నాలుగు గొంతులు లేచాయి. బిక్షపతి లేచి నిలబడి అందరివైపూ చూశాడు. ఎవరూ వద్దనలేదు. "సెక్రటరీ సాబ్, గిది సమ్మె విరుసుడు కాదు. మనందరి ముంగటనే తియ్యి. మేమే వస్తం నీ ఎంబడి. ఎవడన్న అడిగితే నా పేరు చెప్పు."

హన్మంత్ అప్పటికే లేచాడు. ఆయన కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు, జేబులోంచి తాళం చెవుల గుత్తి బయటికి తీశాడు. లతీఫా అండాలు చేయి పట్టుకుని ఆయన వెనకాలే నడిచింది.

ఆఫీసులో మూసి ఉన్న గది వాసన. కరెంటు లేదు. కిటికీ రెక్కలు తెరిచి, ఆ వెలుతురులో హన్మంత్ బీరువా అడుగు నుంచి పాత జనన మరణాల రిజిస్టర్లు బయటికి లాగాడు. తొంభై నాలుగుది అట్ట ఊడిపోయి ఉంది గానీ కాగితాలు గట్టిగానే ఉన్నాయి. పేజీలు తిప్పుతూ వేలు కిందికి జార్చుకుంటూ పోయాడు. బిక్షపతి గుమ్మంలో నిలబడ్డాడు. బయట ఇంకా కొంతమంది.

మార్చి నెలంతా చూశాడు. మళ్లీ మొదటికి వచ్చి ఇంకోసారి చూశాడు.

"అబ్దుల్ గనీ అని లేదు చెల్లె."

"మంచిగ చూడుండ్రి సారూ!"

"రెండుమార్లు చూసిన. ఫిబ్రవరి, ఏప్రిల్ గూడ చూస్త." వాటినీ చూశాడు. తల ఎత్తి, "దవాఖానోళ్లు పంపలేదేమో," అన్నాడు మెల్లగా. "రాసి లేకుంటే, లేదని కాగితమిస్త. అది పట్టుకపోయి ఆర్డీవో దగ్గర ఆర్డరు తెచ్చుకోవాలె. ఆ ఆఫీసు గూడ..." అని ఆగిపోయాడు. ఆ ఆఫీసు కూడా సమ్మెలోనే ఉందని ఆయన చెప్పక్కర్లేదు.

గనీ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. లతీఫా మాత్రం రిజిస్టరు వైపే చూస్తోంది. ఆమెకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఆ గీతల మధ్య తన బిడ్డ ఉన్నాడో లేడో తన కళ్లతో తాను చూసుకోలేదు.

"సారూ, ఒక పని చెయ్యుండ్రి," అంది. "తండ్రి పేరు చూడకుండ్రి. తల్లి పేర్లు చదువుండ్రి. కన్నది నేను గద."

హన్మంత్ ఏమనుకున్నాడో, కుర్చీ ముందుకు జరుపుకుని మార్చి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. మల్లమ్మ. సమ్మక్క. రాజేశ్వరి. ఇంకో సమ్మక్క. సారమ్మ. పేరు పేరుకూ ఆగి ఆమె ముఖం చూసి మళ్లీ చదువుతున్నాడు.

"లతీఫా."

"గదే! గదే సారూ, నేనే!"

"ఆగు ఆగు." ఆయన వేలు ఆ వరస వెంట పక్కకు నడిచింది. "మార్చి పదకొండు, తొంభై నాలుగు. శుక్రవారం. మగ శిశువు. తల్లి లతీఫా. తండ్రి పేరు..." ముందు కనుబొమలు ముడిపడ్డాయి, తర్వాత మెల్లగా నవ్వొచ్చింది. "తండ్రి అబ్దుల్. వృత్తి, గని కార్మికుడు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా గుమ్మంలో ఉన్న బిక్షపతి పకపకా నవ్వాడు. బొగ్గు గనుల ఊళ్లో అబ్దుల్, గనీ అని చెబితే రాసినాయన పేరును రెండు ముక్కలు చేసి, సగం తండ్రి కింద, సగం పని కింద పెట్టేశాడు.

"నేను బాయిల ఒక్కనాడు దిగలే సారూ," అన్నాడు గనీ అమాయకంగా. "బట్టలు కుట్టిన."

"పదిహేడేండ్లసంది మా యూనియన్ల ఉన్నవ్ గదనే, చందా ఏది మరి?" అన్నాడు బిక్షపతి. గది బయటున్నవాళ్లకు కూడా సంగతి తెలిసి అక్కడా నవ్వులు లేచాయి. లతీఫా నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. బురఖా అంచుతో ముఖం తుడుచుకుంటోంది, మళ్లీ తడుస్తోంది.

"మరి ఫహీమ్ అని పేరు లేదా సారూ అండ్ల?"

"పుట్టిన దినమే పేరు పెట్టరు గద. ఆ గడి ఖాళీగనే ఉన్నది. పేరు ఎక్కించుడు, గీ తప్పు దిద్దుడు తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇప్పుడు నేను అక్షరం మార్చొద్దు, ఉన్నదున్నట్టు రాసియ్యాలె. మీకిప్పుడు తారీఖు ముఖ్యం. ఎంతమంది మగపిల్లలు మీకు?"

"వాడొక్కడే."

"అయితే ఇగ పరేషానే లేదు. ఒక్క మగపిల్లగాడు, తల్లి పేరు సరిగ్గ ఉన్నది."

గనీ పేరుతో దరఖాస్తు రాయించి సంతకం పెట్టించుకున్నాడు. జిరాక్స్ తీద్దామంటే కరెంటు లేదు కనుక, రెండు కాగితాల మధ్య కార్బన్ పెట్టి చేత్తోనే నకలు రాశాడు. ఒక్కో గడిలో ఉన్నది చూసి రాసి, మళ్లీ పోల్చి చూసుకున్నాడు. కింద సంతకం చేసి, గుండ్రటి ముద్ర నోటి ఆవిరితో తడిపి గట్టిగా ఒత్తాడు. కాగితం లతీఫా చేతికిస్తూ, "జై తెలంగాణ చెల్లె. పిల్లగాన్ని అడిగినమని చెప్పు," అన్నాడు. తర్వాత అందరి ముందూ మళ్లీ తాళం వేసి టెంటులోకి వెళ్లి తన చోట కూర్చున్నాడు.

అండాలు వాళ్లను పోనివ్వలేదు. ఈసారి లతీఫా కడుపునిండా తింది. పప్పు, అన్నం, ఇంత మామిడి తొక్కు. తింటున్నంతసేపూ కాగితం ఒళ్లోనే ఉంది.

గనీ లక్ష్మీకాంత్‌కు ఫోన్ చేసి చెబితే ఆయన అవతల నుంచి కేకే వేశాడు. "తండ్రి పేరు సగమే ఉంటే ఏం? నువ్వు వచ్చి నా కొడుకే అని చెప్తవ్ గద. నేను పిటిషన్ వేస్త."

రెండు రోజులకు ఫహీమ్‌ను వరంగల్ తీసుకొచ్చారు. పిల్లల బోర్డు గది కోర్టులా భయపెట్టేలా లేదు. పొడుగు బల్ల, దాని వెనక ఒక మేజిస్ట్రేటు అమ్మ, పక్కన ఇద్దరు సభ్యులు. ఆమె నకలు కాగితం తీసుకుని చదివి, లతీఫాను నాలుగు ప్రశ్నలడిగింది. ఎక్కడ పుట్టాడు, ఏ దవాఖాన, అప్పుడు భర్త ఏం పని చేసేవాడు. లతీఫా ఉన్నదున్నట్టు చెప్పింది. గని కార్మికుడి సంగతి గనీ వివరించబోయి తడబడితే, లక్ష్మీకాంత్ పూర్తి చేశాడు. మేజిస్ట్రేటు పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంది.

తర్వాత ఫహీమ్ వైపు తిరిగింది. "పదిహేడేళ్లవాడివి. పంతొమ్మిదని ఎందుకు చెప్పావు?"

ఫహీమ్ తల వంచుకున్నాడు. "చిన్నోడినంటే ఇంటికి తోలేస్తరనుకున్న మేడం. అన్నలందరినీ పట్టుకపోతుంటే నేనొక్కన్నే ఇంటికి పోవుడు మంచిగనిపియ్యలే."

"ఇప్పుడేమనిపిస్తోంది?"

వాడు తల్లి వైపు చూశాడు. "ఇంటికి పోతే బాగుండనిపిస్తున్నది."

కేసు ముగిసిందని కాదు. పిలిచినప్పుడు రావాలి, ఊరు దాటేముందు చెప్పాలి అని షరతులు పెట్టారు. గనీ అన్నింటికీ బుద్ధిగా తల ఊపి, చూపించిన చోట సంతకం చేశాడు. అంతే. ఇక తీసుకుపొమ్మన్నారు. అంత తొందరగా అయిపోతుందని అనుకోలేదేమో, ముగ్గురూ ఇంకా అక్కడే నిలబడి ఉంటే లక్ష్మీకాంతే నవ్వుతూ బయటికి నడిపించాడు.

"మిగిలిన పిల్లల సంగతి వకీలు సాబ్?" అని అడిగింది లతీఫా, మెట్లు దిగుతూ.

"వాళ్లకు గూడ దరఖాస్తులు వేసినం. వస్తరు. పండుగ లోపల అందరిని ఇంటికి తెస్త."

బయట ఎండలో కొడుకు చేయి పట్టుకుంది లతీఫా. నడి వీధిలో అంత పెద్దవాడి చేయి పట్టుకుని నడవడం వాడికి సిగ్గుగా ఉండాలి, కానీ విడిపించుకోలేదు. షర్టు చినుగు తండ్రి చూసి, "ఇంటికి పోంగనే కుట్టిపెడ్త," అన్నాడు. ఎన్నడూ ఎక్కువ మాట్లాడని మనిషి, కాజీపేట స్టేషన్ దాకా ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. భూపాలపల్లిలో తనను బాయి కార్మికుణ్ణి చేసిన వైనం రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ ఫహీమ్ నవ్వాడు.

ప్యాసింజర్ రైల్లో జనం పెద్దగా లేరు. కిటికీ పక్కన కూర్చున్న ఫహీమ్ ఘన్‌పూర్ దాటకముందే తల్లి భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. అంత బరువు ఆ భుజం మీద పడి ఎన్నేళ్లయిందో. వాడి జుట్టులో జైలు వాసన, చెమట వాసన. తలంటు పోయాలి అనుకుంది. ఎదుటి సీట్లో గనీ నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. రైలు ఊగుతోంది. నేను మాత్రం మేల్కొనే ఉండాలి, జనగామ వస్తే లేపాలి అనుకుంటూ లతీఫా ఒక్కసారి కళ్లు మూసింది.

మళ్లీ తెరిచేసరికి రైలు ఒక చిన్న స్టేషన్‌లో ఆగి ఉంది. పలక మీద అక్షరాలు ఆమెకు చదవరావు.

"ఫహీమ్, లే బేటా, గిదేం స్టేషను?"

వాడు కళ్లు నులుముకుని కిటికీలోంచి చూసి దిగ్గున లేచాడు. "అమ్మీ, పెంబర్తి! జనగామ పోయింది! అబ్బా, లే, లే!"

ముగ్గురూ పడుతూ లేస్తూ దూకినట్టే దిగారు. గనీ ఒక చెప్పు రైల్లోనే ఉండిపోబోతే ఎవరో కిటికీలోంచి విసిరారు. రైలు కదిలి వెళ్లిపోయింది. ప్లాట్‌ఫాం మీద వాళ్లు తప్ప ఎవరూ లేరు. గనీ చెప్పు తొడుక్కుంటూ ఒంటికాలి మీద గెంతుతుంటే ముందు ఫహీమ్‌కు నవ్వొచ్చింది, తర్వాత లతీఫాకు, చివరికి గనీకి కూడా. ఇన్నాళ్లకు ముగ్గురూ కలిసి, కడుపు పట్టుకుని నవ్వారు.

ఫోన్ మోగింది. అవతల మహీన్. "యాడున్నరమ్మీ? బిర్యానీ చల్లారిపోతున్నది. తిరుపతి అన్న గూడ వచ్చి కూసున్నడు."

"పెంబర్తిల ఉన్నం."

"పెంబర్తిలనా? గాడికెందుకు పోయిండ్రు?"

"నిద్ర పట్టింది బిడ్డా," అంది లతీఫా. "వస్తున్నం. తిరుపతికి చాయ్ పెట్టియ్యి."

రోడ్డు మీద జనగామ వైపు పోయే ఆటో ఏదైనా దొరుకుతుందేమోనని ముగ్గురూ నడవసాగారు. తొందరేమీ లేనట్టే నడిచారు.